‘ఆమెన్’ – పాతపట్నం సంతలో వినిపించే ఒక మాట
(రేడియో ప్రసంగ పాఠము)



ఈమధ్య ఒక తమ్ముడు నాకు ఫోను చేశాడు. డిగ్రీ చదువుకున్నవాడు, సంఘంలో పాటలు నడిపించేవాడు. అతని సెల్‌ఫోనుకు ఎవరో ఒక సందేశం పంపారట. ‘ఆమెన్’ అన్నది ఐగుప్తీయుల దేవత పేరనీ, క్రైస్తవులు తెలియక ప్రతి ప్రార్థన చివరా ఆ దేవతనే పిలుస్తున్నారనీ అందులో ఉందట. “అయ్యగారూ, రెండు వారాలుగా ప్రార్థన ముగించలేకపోతున్నాను. ఆఖరి మాట దగ్గరకు వచ్చేసరికి నోరు ఆగిపోతోంది” అన్నాడు.

నేను నవ్వి ఊరుకోలేదు. అతనికి కలిగిన భయం నిజమైనది. మనం చిన్ననాటి నుండి ఎన్ని వేలసార్లు పలికామో లెక్కలేని మాట అది. అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన మన నోటికి వచ్చిందో తెలియకపోతే, ఎవడో ఒకడు వచ్చి ఏదో ఒకటి చెప్పి మన నోరు మూయించగలడు. కనుక ఈ రోజు ఆ ఒక్క మాట చరిత్రను మీ ముందు పెట్టాలని ఆశిస్తున్నాను. అందుకోసం యెరూషలేముకు వెళ్లేముందు మిమ్మల్ని మన పాతపట్నం సంతకు తీసుకువెళతాను.

పాతపట్నం ఎక్కడుందో ఈ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. దూరాన ఉండి చదివేవారి కోసం చెబుతున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు అంచున, మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న ఊరు. సరిహద్దు దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ రెండు ఊళ్లూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. 1900లో నౌపడా నుండి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు మన పాతపట్నం మీదుగానే వెళ్లేది. పటం మీద గీత పడింది గాని, పెళ్లి సంబంధాలకూ సంతలకూ గీత పడలేదు. కొండల మీది నుండి సవరలు దిగివస్తారు, అవతలి నుండి ఒడియా వారు వస్తారు, పల్లపు ఊళ్ల నుండి తెలుగువారు వస్తారు.

ఆ సంతలో కాసేపు నిలబడి చెవి పెట్టండి. ఒక తెలుగు మనిషి చేయి చాపి “ఆమె దగ్గర అడుగు” అంటాడు. ఆమె అంటే అక్కడున్న ఆ స్త్రీ. పక్కనే ఒక ఒడియా కుటుంబం తమలో తాము మాట్లాడుకుంటూ “ఆమె” అంటుంది. వారి భాషలో ఆమె అంటే ‘మేము’. ‘ఆమ’ అంటే ‘మా’. ఇంకొంచెం ముందుకు వెళితే, పసుపు కొమ్ముల బుట్ట ముందు కూర్చున్న సవర తల్లి తన కొడుకుతో “అమన్” అంటుంది. సవర భాషలో అమన్ అంటే ‘నువ్వు’.

ఒకరికి ‘ఆమె’, ఒకరికి ‘మేము’, ఒకరికి ‘నువ్వు’. ఆ సంతకు అవతల ఏదో ఒక ప్రార్థన గదిలో అదే సమయానికి ఎవరో ఒకరు మోకాళ్లూని “ఆమెన్” అంటూ ఉంటారు. దాదాపు ఒకే ధ్వని. నాలుగు భాషలు, నాలుగు అర్థాలు.

ప్రియులారా, వీటిలో ఏది దేనికి చుట్టం? చెవికి అడిగితే అన్నీ చుట్టాలే అంటుంది. కానీ ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన మనం చుట్టరికం కలుపుకుంటామా? “మీదే ఊరు? మీ తాతగారు ఎవరు?” అని రెండు తరాలు వెనక్కి అడుగుతాము. మాటలనూ అలాగే అడగాలి.

ముందు తెలుగు ‘ఆమె’ను అడుగుదాము. ఈ మాట మొదట్లో ఉన్న ‘ఆ’ దూరాన ఉన్నదాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. ఆయన, ఆవిడ, అది, అక్కడ, అప్పుడు అన్నీ ఆ వేలు చూపేవే. దగ్గర ఉంటే ఈయన, ఈవిడ, ఇది, ఇక్కడ, ఇప్పుడు, ఈమె. తమిళుల ‘అవళ్’, ‘అంగే’ కూడా ఈ కుటుంబంలోవే. ఇది ద్రావిడ భాషల ఇల్లు.

ఒడియా ‘ఆమె’ను అడిగితే అది వేరే తాతను చూపిస్తుంది. సంస్కృతంలో ‘మనకు సంబంధించిన’ అని చెప్పే మాటలు ‘అస్మ’తో మొదలవుతాయి. అస్మాకం, అస్మదీయులు అన్న మాటలు మీరు నాటకాలలో, సినిమాలలో వినే ఉంటారు. ఆ ‘అస్మ’ ప్రాకృతంలో ‘అమ్హే’ అయింది, ఒడియాలో ‘ఆమె’ అయింది. హిందీవారి ‘హమ్’ కూడా దానినుండి వచ్చినదే. ఇంకా వెనక్కి వెళితే క్రొత్త నిబంధన గ్రీకులో ‘మేము’ అని చెప్పే ‘హేమేయిస్’, ఇంగ్లీషులోని ‘అస్’ కూడా ఆ ఇంటి బిడ్డలే. చూశారా? పక్కనే కూర్చుని ఒకేలా పలికే తెలుగు ‘ఆమె’ దానికి ఏమీ కాదు. ఎక్కడో సముద్రాల అవతల వేరుగా పలికే ‘అస్’ దానికి స్వంత చుట్టం.

ఇక సవర ‘అమన్’. సవర భాష ద్రావిడం కాదు, సంస్కృతపు ఇంటిదీ కాదు. అది ముండా భాషలలో ఒకటి. సంతాలీలు ‘నువ్వు’ను ‘అమ్’ అంటారు, ముండారీ వారూ ‘అమ్’ అంటారు. ఈ ముండా భాషలు, మేఘాలయలోని ఖాసీ, కంబోడియాలోని ఖ్మేర్, వియత్నాం వారి భాష అన్నీ ఒక పెద్ద కుటుంబం. కాబట్టి ఆ పసుపు బుట్ట ముందు కూర్చున్న తల్లి మాటకు చుట్టాలు పడమట కంటే తూర్పున ఎక్కువమంది ఉన్నారు.

చెవి ఎంతగా మోసం చేస్తుందో నా స్వంత అనుభవం ఒకటి చెబుతాను. నేను వేదాంత కళాశాల నుండి కొత్తగా వచ్చిన రోజులవి. హీబ్రూ భాష కొద్దిగా నేర్చుకున్నాను, దానికి మించిన గర్వాన్ని నేర్చుకున్నాను. ఒక యువజన కూటమిలో నిలబడి, “హీబ్రూలో ‘ఆమన్’ అంటే నమ్ముట. తెలుగులో ‘నమ్ము’. చూడండి, ఒకే మాట! మన తెలుగు హీబ్రూ నుండి వచ్చింది” అని ప్రకటించాను. చప్పట్లు కొట్టారు. చాలామంది నోటు పుస్తకాలలో రాసుకున్నారు.

కూటమి అయ్యాక, నాతో చదువుకున్న ఒక తమిళ సేవకుడు నన్ను పక్కకు పిలిచాడు. “బ్రదర్, మేము ‘నంబు’ అంటాము. మీ తమ్ముడిని మేము ‘తంబి’ అంటాము. మీ పామును ‘పాంబు’ అంటాము. మీ కొమ్మును ‘కొంబు’ అంటాము” అన్నాడు. అంతే చెప్పి ఊరుకున్నాడు. నాకు చెమట పట్టింది. తమిళంలో ‘ంబ’ ఉన్నచోట తెలుగులో ‘మ్మ’ గాని, పాములో లాగా ‘మ’ గాని వస్తుందని ఆ నాలుగు మాటలే చెబుతున్నాయి. అంటే మన ‘నమ్ము’ పాత రూపంలో ఒక ‘బ’ ఉంది. హీబ్రూ మాటలో ఆ ‘బ’ లేదు, మొదట్లో ‘న’ కూడా లేదు. చుట్టరికం ఒక్క మాటను బట్టి తేలదు. పది మాటలు ఒకే క్రమంలో, ఒకే నియమంతో ఒకదానికొకటి జవాబు చెప్పినప్పుడు తేలుతుంది. ఒక్క మాట పోలిక మీద నేను కట్టిన ప్రసంగం ఇసుక మీద కట్టిన ఇల్లు అయింది. మరుసటి కూటమిలో నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. ఈసారి చప్పట్లు లేవు. రాసుకున్నవారందరూ ఆ రోజు వచ్చారో లేదో కూడా నాకు తెలియదు.

ఆ రోజు నుండి మాటల విషయంలో నాకు ఒక గురువు దొరికాడు. ఆయన మన జిల్లావాడే. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఇప్పుడు ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాము. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. కానీ అంతకుముందే ఆయన సవరల మధ్యకు వెళ్లి వారి భాష నేర్చుకున్నారన్నది తక్కువమందికి తెలుసు. లిపి లేని ఆ భాషకు అక్షరాలు కూర్చి వాచకాలు రాశారు, సవర పిల్లల కోసం బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1938 నాటికి నిఘంటువులు కూడా వచ్చాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచిపెట్టారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన క్రైస్తవుడు కాదు. అయినా ప్రతి సేవకుడూ నేర్చుకోవలసినది ఆయన దగ్గర ఉంది. సవరలకు ఏదైనా చెప్పాలంటే ముందు సవరలు చెప్పేది వినాలని ఆయన తెలుసుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు మన నాలుగవ మాట, ‘ఆమెన్’ దగ్గరకు వద్దాము. మన బైబిలులో ‘ఆమేన్’ అని దీర్ఘంతో అచ్చువేస్తారు, నోట మాత్రం చాలామందిమి ‘ఆమెన్’ అంటాము. ఇది హీబ్రూ మాట. అలెఫ్, మేమ్, నూన్ అనే మూడు అక్షరాలు దీని వేరు. ఆ వేరుకు అసలు భావం గట్టిగా ఉండటం, కదలకుండా నిలబెట్టడం. ఈ వేరునుండి వచ్చిన మాటలు పాత నిబంధనలో ఎక్కడెక్కడ కనబడతాయో చూడండి. హిజ్కియా రాజు దేవాలయపు ద్వారబంధాలకు పొదిగించిన బంగారాన్ని ఒలిచి అష్షూరు రాజుకు ఇచ్చాడని రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో చదువుతాము. అక్కడ ఆ ద్వారబంధాలకు వాడిన హీబ్రూ మాట ఈ వేరుదే. తల్లిదండ్రులు లేని ఎస్తేరును పెంచిన మొర్దెకైను ఏమన్నారో, ఆ మాట కూడా ఈ వేరుదే. యుద్ధం జరుగుతుండగా అహరోను, హూరు చెరొక పక్కన పట్టుకుంటే మోషే చేతులు సూర్యుడు అస్తమించేవరకు కదలకుండా నిలిచాయి కదా, ఆ నిలకడకు వాడిన మాట కూడా ఇదే. ఇతర చోట్ల ఆ మాటనే మనం ‘విశ్వాసము’ అని, ‘నమ్మకత్వము’ అని చదువుతున్నాము.

గుమ్మాన్ని మోసే స్తంభం, బిడ్డను ఎత్తుకున్న చేయి, పక్కవాడు పట్టుకుంటే నిలిచిన చేయి. ఈ మూడింటిలో ఉన్న భావమే ఆమెన్. ‘ఇది గట్టిది, దీని మీద బరువు పెట్టవచ్చు’ అని అర్థం.

మరి ఐగుప్తు దేవత సంగతి? ఐగుప్తులోని థేబేసు పట్టణంలో ఆ పేరుగల దేవతను పూజించిన మాట నిజమే. ఆ పేరుకు ఐగుప్తు భాషలో అర్థం ‘మరుగైనవాడు’. మన మాటకు అర్థం ‘స్థిరమైనది’. అర్థమే వేరు. ఇంకా బలమైన రుజువు మన బైబిలులోనే ఉంది. యిర్మీయా గ్రంథం 46వ అధ్యాయం 25వ వచనంలో ఆ దేవత పేరు వస్తుంది. హీబ్రూలో ‘ఆమోన్’ అని రాశారు. అదే గ్రంథం 28వ అధ్యాయం 6వ వచనంలో యిర్మీయా నోట ‘ఆమేన్’ వస్తుంది. ఒకే గ్రంథంలో రెండు మాటలూ ఉన్నాయి, రెండూ వేరుగానే ఉన్నాయి. రెండు భాషల మధ్య నివసించిన హెబ్రీయులకు ఆ తేడా తెలుసు. మూడువేల మైళ్ల దూరాన కూర్చుని సెల్‌ఫోనులో సందేశం రాసినవాడికి తెలియలేదు. నేను ‘నమ్ము’ దగ్గర చేసిన తప్పే అతడూ చేశాడు, చెవి మాట నమ్మాడు. ఆ తమ్ముడికి ఇదంతా చెప్పి, “బాబూ, ధైర్యంగా ప్రార్థన ముగించు” అన్నాను.

అయితే ప్రియులారా, ఆ మాటకు మన మధ్య నిజమైన చుట్టం ఒకటి ఉంది. అది మనం గుర్తుపట్టని చోట ఉంది.

హీబ్రూకు అక్కాచెల్లెళ్ల భాష అరబీ. ఆ మూడు అక్షరాల వేరు అరబీలోనూ ఉంది. మన ముస్లిం సోదరులు నమాజులో ‘ఆమీన్’ అంటారు, అది మన మాటే. వారు విశ్వాసాన్ని ‘ఈమాన్’ అంటారు, అదీ ఆ వేరుదే. ఒకరిని నమ్మి దాచిపెట్టమని ఇచ్చిన సొమ్ము ‘అమానతు’. నమ్మకస్తుడు ‘అమీన్’. గోలకొండ ఏలుబడిలోను, తరువాత నిజాము ఏలుబడిలోను మన ప్రాంతం చికాకోలు సర్కారుగా ఉన్నప్పుడు ఫారసీ, ఉర్దూల మీదుగా ఈ మాటలు మన కచేరీలలోకి వచ్చాయి. 1766లో నిజాముతో ఒడంబడిక చేసుకుని కంపెనీవారు ఉత్తర సర్కారులను పుచ్చుకున్నారు గాని, కచేరీ మాటలను మార్చలేదు. జమీందారుకు గాని గుత్తకు గాని ఇవ్వక సర్కారే నేరుగా చూసుకునే భూమిని ‘అమాని’ అన్నారు. కోర్టు డిక్రీ పట్టుకుని ఇంటికి వచ్చి ఆస్తి జప్తు చేసే ఉద్యోగిని ‘అమీనా’ అన్నారు.

అవును, అమీనా! “ఇంటికి అమీనా వచ్చాడు” అంటే మన పెద్దలకు గుండె జారిపోయేది. ఆ అమీనా, మన ఆమెన్ ఒక తల్లి బిడ్డలు. ఒకటి అరబీ, ఫారసీల దారిన కచేరీకి వచ్చింది. రెండవది హీబ్రూ నుండి గ్రీకుకు, అక్కడి నుండి ఐరోపా భాషలకు వెళ్లి, మిషనరీల ఓడలలో మన ఆరాధనకు వచ్చింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయరు అనే తెలుగు భక్తుని సహాయంతో సువార్తలను తెనిగించడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో దేగ్రాంజ్ చనిపోయారు. 1812లో శ్రీరాంపూరులో మొదటి మూడు సువార్తలు అచ్చయ్యాయి. తాము నాటిన మాటలను అచ్చులో చూడకుండానే వారిద్దరూ వెళ్లిపోయారు.

ఈ రెండు దారులు ఒకచోట కలుస్తాయని నాకు పుస్తకాలు నేర్పలేదు. ఒక సవర పెద్దాయన నేర్పాడు.

మెళియాపుట్టి వైపు కొండ మీద ఒక గూడెం. పరిచర్యలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరాలలో అక్కడికి వాక్యం చెప్పడానికి వెళ్లాను. ముప్పావుగంట తెలుగులో ప్రసంగించాను. తెలుగు అంటే మీకు నాకు ఇంట్లో ఉన్న తెలుగు కాదు, కళాశాలలో నేర్చిన తెలుగు. నేను ఎక్కడ ఆగితే అక్కడ అందరూ ఒక్క గొంతుతో “ఆమెన్” అన్నారు. ఎంత ఆత్మీయమైన సంఘమో అనుకుని మురిసిపోయాను. భోజనాలయ్యాక ఆ పెద్దాయన నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

“అయ్యగోరూ, తప్పుగా అనుకోకండి. మీరు సెప్పిందాంట్లో సగం మాకు తెల్లేదు. మీరు ఆగినకాడల్లా ఆమెన్ అన్నాం.”

“మరి ఎందుకన్నారు తాతా?”

“పెద్దోలు సెప్తన్నప్పుడు ఊరుకుంటే బాగోదు కదా. మా అయ్య కూడా ఇలగే అన్నాడు.”

ఆయన తండ్రి ఒక పెళ్లి ఖర్చుకు పల్లంలోని షావుకారు దగ్గర అప్పు తీసుకున్నాడట. కాగితం తెలుగులో రాశారు, చదివి వినిపించారు. తండ్రికి సవర తప్ప మరొక భాష రాదు. చదువుతున్నంతసేపూ తలూపాడు. చివర వేలిముద్ర వేశాడు. కొన్నేళ్లకు అమీనా వచ్చాడు. గెడ్డ వారన ఉన్న మడిచెక్క పోయింది. ఆ మడి పండే రోజులలో వారు కొండ కింద తలెత్తుకుని తిరిగారట. తరువాత ఆ మడిలోనే కూలికి వెళ్లారట.

“తెల్లని మాటకి ఆమెన్ అనడమంటే అదే అయ్యగోరూ. ఏలుముద్రే” అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నమ్మకస్తుడు అన్న అర్థంగల పేరు పెట్టుకున్న ఉద్యోగి ఒకడు, అర్థం కాని మాటను నమ్మిన మనిషి ఇంటికి వచ్చి నేల తీసుకుపోయాడు. నేను ఆ గూడేనికి వెళ్లి, తెలియని మాటకు వేలిముద్ర వేయించుకునే అలవాటునే ఇంకొక ముప్పావుగంట పెంచి వచ్చాను.

లాంతరు వెలుగులో మొదటి కొరింథీ పత్రిక 14వ అధ్యాయం తీశాను. పదహారవ వచనంలో అపొస్తలుడు అడిగే ప్రశ్న మీకు తెలుసు. అర్థం కాని భాషలో నీవు కృతజ్ఞతలు చెల్లిస్తే, నీ మాట తెలియనివాడు దానికి ఆమెన్ అని ఎలా చెబుతాడు అని అడుగుతున్నాడు. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఆ రాత్రి అది నన్ను అడిగింది.

తరువాత బైబిలులో ఆ మాట వచ్చిన చోట్లన్నీ వెదికాను. ఆమెన్ అనేది ప్రార్థన ముగింపుకు పెట్టే చుక్క అని మనం అనుకుంటాము. పాత నిబంధనలో అది చాలాసార్లు ఒప్పందం మీద పెట్టే సంతకం. ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో లేవీయులు పన్నెండు శాపాలు చదువుతారు. వాటిలో పొరుగువాని సరిహద్దు రాయి జరిపేవాని మీద ఒకటి, గుడ్డివానిని దారి తప్పించేవాని మీద ఒకటి ఉన్నాయి. ప్రతిదాని తరువాత ప్రజలందరూ ఆమెన్ అనాలి. అంటే, ‘నేను ఆ పని చేస్తే ఈ శాపం నామీదికే రానీ’ అని వేలిముద్ర వేయడం. అది ఊరికే నోటితో పోయే మాట కాదు.

యిర్మీయా సంగతి చూడండి. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుందని తీపి కబురు చెప్పాడు. యిర్మీయా ఆమెన్ అన్నాడు, అలాగే జరిగితే బాగుండునన్నాడు. కానీ ఆ ఆమెన్ దగ్గర ఆగిపోలేదు. జరిగితేనే అది దేవుని మాట అని తెలుస్తుందని కూడా చెప్పాడు. తరువాత అది అబద్ధమని తేలింది. మంచి కబురు కదా అని ఆయన కళ్లు మూసుకుని వేలిముద్ర వేయలేదు.

ఇక నెహెమ్యా 5వ అధ్యాయం. ఇది చదివినప్పుడల్లా నాకు ఆ గెడ్డ వార మడి గుర్తుకు వస్తుంది. యెరూషలేములో కరువు వచ్చింది. పేదలు ధాన్యం కోసం, రాజుకు కట్టవలసిన పన్ను కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. బిడ్డలను దాసులుగా అప్పగించారు. తీసుకున్నవారు పరాయివారు కారు, స్వంత సహోదరులే. నెహెమ్యా కోపగించి పెద్దలను సభలో నిలబెట్టాడు. పొలాలు, తోటలు, ఇళ్లు, తీసుకున్న వడ్డీ ఈ రోజే తిరిగి ఇచ్చేయమన్నాడు. వారు ఒప్పుకున్నారు. యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. తన వస్త్రపు ఒడి దులిపి, మాట తప్పినవాడిని దేవుడు ఇలా దులిపివేయాలని చెప్పాడు. అప్పుడు సమాజమంతా ఆమెన్ అంది. ఆ వచనం అంతటితో ముగియదు. ఆ మాట ప్రకారం వారు చేశారని కూడా ఉంది.

ప్రియులారా, ఆ పెద్దాయన చెప్పిన కథలో వేలిముద్ర నేలను తీసుకుపోయింది. నెహెమ్యా రోజున ఆమెన్ నేలను తిరిగి ఇప్పించింది. రెండింటిలోనూ మాట ఇచ్చారు. తేడా ఎక్కడుంది? ఒకచోట మాట ఇచ్చినవాడికి ఏమి ఒప్పుకున్నాడో తెలియదు. ఇంకొకచోట ప్రతివాడికీ తెలుసు, పొలం పేరుతో సహా తెలుసు.

మరుసటి నెల నేను ఆ గూడేనికి మళ్లీ వెళ్లాను. ఈసారి ప్రసంగం తయారు చేసుకోలేదు. ఒక నోటు పుస్తకం పట్టుకువెళ్లాను. ఆ పెద్దాయన మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల, నాకు లెక్కలు నేర్పింది. రెండును వారు ‘బగు’ అంటారు, మూడును ‘యగి’ అంటారు. నేను “బాగు, బాగు” అంటే ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. తరువాత నా గుండె మీద వేలు పెట్టి చూపించి “అమన్” అంది. నువ్వు. వెంటనే నా పేరు అడిగింది.

ఇక్కడ నాకు ఒక శోధన ఉంది, దాచకుండా చెబుతాను. ఆమె, మేము, నువ్వు అన్న మూడూ ఆమెన్‌లో దాగి ఉన్నాయని, కాబట్టి ఆమెన్ అంటే సంఘమని ఒక చక్కని ప్రసంగం చేయాలని నోరు ఊరుతుంది. చేయను. ఆ పోలిక కాకతాళీయం. సంతలో నాలుగు దారులు కలిసినట్టు నాలుగు మాటలు ఒక ధ్వని దగ్గర కలిశాయి, అంతే. దేవుని వాక్యానికి మన కల్పనల ఊతం అక్కరలేదు. అయితే ఆ సంత నిజం. ఆ ముగ్గురూ నిజం. వారికి వారి వారి భాషలో అర్థమయ్యేలా చెప్పవలసిన బాధ్యత నిజం.

అందుచేత ఈ ప్రసంగం వింటున్న, చదువుతున్న మిమ్మల్ని మూడు సంగతులు అడుగుతున్నాను. మీరు సేవకులైతే, ఈ వారం ప్రసంగం అయ్యాక వెనుక వరుసలో కూర్చున్న ఒక అవ్వను అడగండి, ఏమి అర్థమయిందమ్మా అని. ఆమె జవాబే మీ ప్రసంగానికి మార్కులు. మీరు చదువుకున్నవారైతే, మీ వీధిలో ఎవరైనా బ్యాంకు కాగితం మీద గాని, ఆస్పత్రి కాగితం మీద గాని, భూమి కాగితం మీద గాని వేలిముద్ర వేయబోతుంటే, ఒక పదినిమిషాలు వారి పక్కన కూర్చుని వారి మాటల్లో చదివి చెప్పండి. అహరోను, హూరు మోషే చేయి పట్టుకున్నట్టు ఆ చేయి పట్టుకోండి. మీరు చదువు రానివారైతే, ఎంత పెద్దమనిషి చెప్పినా సరే, అర్థం కాకపోతే “బాబూ, మళ్లీ చెప్పు” అనండి. అందులో అవమానం లేదు. అర్థమయ్యాక మాత్రమే తలూపండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మా మాట అవునంటే అవునుగా ఉండనివ్వు. మేము ఒప్పుకున్నదాన్ని చేసే మనసు ఇవ్వు. చదువు రాని మా సహోదరుల చేతిని పట్టుకునే చేతులను మాకు ఇవ్వు. మోసపోయి నేల పోగొట్టుకున్నవారిని జ్ఞాపకం చేసుకో. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ.

ఈ ప్రార్థనలో నేనేమి అడిగానో మీకు అర్థమైతే, అందులో మీ వంతు చేయడానికి మీరు ఒప్పుకుంటే, నాతో కలిసి చెప్పండి.

ఆమెన్.